నాలుగేళ్లు షెడ్డులో పడుకున్న అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించాను

2024 మే నెలలో ఒక ఆదివారం, ఎండ ముదరక ముందే, నెల్లూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డు తాళం తీసి టార్పాలిన్ పట్ట లాగాను. కింద మా అంబాసిడర్. మార్క్ 2, 1974 మోడల్. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన వారం దాన్ని లోపల పెట్టాను. నెలరోజుల్లో బయటికి తీద్దామనుకున్నాను, నాలుగేళ్లు గడిచిపోయాయి. టైర్లు నాలుగూ గాలి దిగి నేలకు అతుక్కుపోయాయి. వెనక సీటు కింద కొబ్బరిపీచుని ఎలుకలు లాగి గూడు కట్టుకున్నాయి. ఆర్.సి. గడువు ఆగస్టుతో అయిపోతుంది.

హైదరాబాద్ నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, "స్క్రాప్‌కి ఇచ్చేయండి నాన్నా. సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో కొత్త బండి మీద తగ్గింపు వస్తుంది" అన్నాడు. వాడు చెప్పింది తప్పు కాదు. నా వయసు 71. చిన్న కారు ఒకటి ఇంటి ముందు ఉంది, ఆసుపత్రికైనా పెళ్లికైనా అందులోనే వెళ్తున్నాం. అయినా పట్ట తీసి ఆ బానెట్ మీద చెయ్యి పెట్టగానే మా నాన్న గుర్తొచ్చాడు. ఇది నిజానికి ఆయన బండి.

నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో, అంటే రైలింజన్ల షెడ్డులో, బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరై, 1984లో రిటైరయ్యాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ రైల్వే కాలనీలోనే. ఈ కాలం పిల్లలకు బిట్రగుంట అంటే నెల్లూరుకీ కావలికీ మధ్య ఒక చిన్న స్టేషను. మా చిన్నతనంలో అది పొగ ఇంజన్ల ఊరు. షెడ్డు సైరన్‌తో ఊరు లేచేది, సైరన్‌తోనే అన్నానికి కూర్చునేది. అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టి పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు. పది నిమిషాల్లో నాన్న లైన్ బాక్సు సర్దుకుని బయల్దేరేవాడు. అమ్మ కళ్లు నులుముకుంటూ క్యారేజీ కట్టేది. గూడ్సుకు డబ్ల్యూజీ ఇంజన్లు, మెయిళ్లకు ముక్కు గుండ్రంగా ఉండే డబ్ల్యూపీ ఇంజన్లు. కూత విని అది ఏ ఇంజనో చెప్పడం మా పిల్లలకు ఆట.

నాన్నకి అది ఆట కాదు, బతుకు. ఇంజన్ని ఆయన కళ్లతో కన్నా చెవులతోనే ఎక్కువ చూసేవాడు. పొగగొట్టం దెబ్బల్లో ఒకటి వెనకబడితే వాల్వులో తేడా ఉందని తెలిసేది. బేరింగు వేడెక్కితే ముందు వాసన వచ్చేది, తర్వాత చప్పుడు. 1980 నాటికి విజయవాడ–మద్రాసు లైనంతా కరెంటు వచ్చేసింది. నాన్న ట్రైనింగ్ తీసుకుని కరెంటు ఇంజన్ కూడా నడిపాడు. అమ్మ చాలా సంతోషపడింది. బట్టలకు మసి లేదు, ముంజేతుల మీద కొత్త కాలుడు మచ్చలు లేవు, రాత్రి దగ్గు తగ్గింది. నాన్న మాత్రం ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "ఈ ఇంజను నాకేమీ చెప్పదురా" అన్నాడు. అంతకు మించి ఆ విషయం ఎప్పుడూ మాట్లాడలేదు.

షెడ్డుకి పని తగ్గేసరికి ఊరు పల్చబడింది. ఒక్కో కుటుంబం విజయవాడకో గూడూరుకో బదిలీ మీద వెళ్లిపోయింది. నాన్న రిటైరయ్యాక, 1985లో, కావలిలో ఒక డాక్టరు గారి దగ్గర ఈ అంబాసిడర్ కొన్నాడు. చేతికొచ్చిన డబ్బులో 28 వేలు దీనికి పెట్టాడు. బంధువులందరూ తిట్టారు. నేను అప్పుడు కావలిలో లెక్కల మాస్టారిని, నా జీతంతో పెట్రోలు కూడా గగనమే. ఆదివారం వస్తే నాన్న కాటన్ వేస్టు, నూనె డబ్బా పట్టుకుని బండి చుట్టూ తిరిగేవాడు, షెడ్డులో డ్యూటీకి ముందు ఇంజన్ చుట్టూ తిరిగినట్టే. చెక్క కర్ర ఒక కొస ఇంజన్ మీద, రెండో కొస చెవికి పెట్టి వినేవాడు.

మా వీధిలో అప్పటికి అదొక్కటే కారు. కాన్పు నొప్పులొచ్చినా, పాము కరిచినా, పెళ్లికొడుకుని తీసుకురావాలన్నా మా తలుపే కొట్టేవాళ్లు. ఎవరూ మొహమాటపడేవాళ్లు కాదు, అమ్మ ఎవరినీ కాదనేది కాదు. ఒక రాత్రి మాత్రం నేను మర్చిపోలేను. లోకో షెడ్డు బూడిదలో బొగ్గులు ఏరుకుని అమ్ముకునే ఒకామె కూతురికి కాన్పు కష్టమైంది. పిల్లను వెనక సీటులో పడుకోబెట్టాం. తల్లి మాత్రం సీటెక్కకుండా కింద, కాళ్లు పెట్టుకునే చోట ముడుచుకుని కూర్చుంది. కారు సీటు తనది కాదని ఆమె నమ్మకం. అమ్మ ఆమె రెక్క పట్టుకుని పైకి లేపి, పక్కన కూర్చోబెట్టుకుని, "పిల్ల తల నీ ఒళ్లో పెట్టుకోవే" అంది. పాత రోజుల గురించి ఎవరైనా మురిసిపోతూ మాట్లాడితే నాకు ఆమె కింద కూర్చున్న తీరే ముందు గుర్తొస్తుంది. మనం పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి, నిజమే. ఆ భయం పోయినందుకు మాత్రం నేను రోజూ సంతోషిస్తాను.

ఇక బండి సంగతి. నెల్లూరులో అంబాసిడర్ పని తెలిసిన వాళ్లు ఒకప్పుడు వీధికొకరుండేవారు. ఇప్పుడు నాకు తెలిసి మిగిలింది ఒక్క భాయే. ఆయనకీ డెబ్బై దాటింది, చేతులు కొంచెం వణుకుతాయి. గ్యారేజీ మూసేశాడు. ఇంటికెళ్లి అడిగితే వచ్చాడు. షెడ్డులో బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏంది మాస్టారూ, ఇప్పుడు దీన్ని లేపాల్నా?" అన్నాడు. "లేపాల భాయ్" అన్నాను. "అయితే నేను చెప్పిందాకా సెల్ఫ్ కొట్టబాకండి" అన్నాడు.

పాత బండి ఇంట్లో పెట్టుకున్న వాళ్లందరికీ నేనూ ఈ మాటే చెబుతాను. ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌కి కొత్త బ్యాటరీ తగిలించి తాళం తిప్పేస్తే పిస్టన్ రింగులు విరగొచ్చు, సిలిండర్ లోపలి గోడ గీతలు పడొచ్చు. భాయ్ ముందు నాలుగు ప్లగ్గులూ విప్పించాడు. ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రెండు రోజులు అలాగే వదిలేశాడు. మూడోరోజు ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాం. మొదట కదల్లేదు. కాస్త అటూ ఇటూ ఊపితే మెల్లగా లొంగింది. ముప్పై దాటిన వయసులో ఈ హ్యాండిల్ తిప్పాలంటే విసుగొచ్చేది. ఆరోజు మాత్రం పిస్టన్లు ఒక్కొక్కటీ పైకొస్తుంటే అరచేతికి తెలుస్తుంటే కళ్లు తడిశాయి.

తర్వాత పెట్రోలు ట్యాంకు. దించి వంచితే ముదురు గోధుమ రంగులో వార్నిష్ వాసన కొట్టే ద్రవం వచ్చింది. లోపల తుప్పు. రేడియేటర్లు బాగుచేసే చోటికి తీసుకెళ్తే, ట్యాంకులో గొలుసు ముక్కలు వేసి ఊపి కడిగారు. పెట్రోలు గొట్టాలు, పంపులో డయాఫ్రం అన్నీ కొత్తవి వేశాం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. దానికి పాత కాలపు రబ్బరు ఆగదు, ఉబ్బి చీలుతుంది. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాత బండిలో పాత గొట్టం ఒక్కటి కూడా ఉంచుకోకండి.

ఈ పనిలో భాయ్‌కి సాయంగా ఆయన మనవడు వచ్చేవాడు. ఐటీఐ చదువుతున్నాడు, పందొమ్మిదేళ్లు. మొదటివారం వాడి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్ దిగలేదు. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ వాడెప్పుడూ చూడలేదు. మొత్తం విప్పి కిరోసిన్లో కడిగి గుడ్డ మీద వరసగా పేర్చాక, "దీనికి సెన్సర్ ఏడుంది?" అని అడిగాడు. భాయ్ నవ్వలేదు. గాలి ఎలా లాగుతుంది, అందులోని చిన్న పిస్టన్ ఎందుకు లేస్తుంది, దాని గూట్లో పలచటి నూనె ఎందుకు పొయ్యాలి, ఒక్కొక్కటీ చూపించాడు. నేను పక్కన కూర్చుని నలభై ఏళ్ల పాఠాల అలవాటు కొద్దీ కాగితం మీద బొమ్మ గీసిచ్చాను.

అన్నిటికన్నా కష్టపడింది బ్రేకుల దగ్గర. చక్రాల్లో బ్రేకుని నొక్కే వీల్ సిలిండర్లన్నీ తుప్పుతో పట్టేశాయి. నెల్లూరులో కిట్లు దొరకలేదు. అప్పుడు నాకు సాయపడింది ఎవరనుకున్నారు? ఆ రాత్రి మా కారులో ఆసుపత్రికి వెళ్లిన పిల్ల కొడుకు. చెన్నైలో సొంత కారు కొనుక్కుని క్యాబ్ నడుపుతున్నాడు. వాళ్లమ్మకి ఫోన్ చేసినప్పుడు మాటల్లో చెబితే, అతనే పాత బండ్ల సామాన్లు దొరికే పుదుపేట సందుల్లో రెండు రోజులు తిరిగి మాస్టర్ సిలిండర్ కిట్టు, వీల్ సిలిండర్లు వెతికి పంపాడు. డబ్బు ఎంతని అడిగితే సామాను ఖరీదు చెప్పాడే తప్ప తిరిగినందుకు పైసా ముట్టలేదు.

బ్రేకుల్లో గాలి తియ్యడం ఒక్కడి వల్ల కాదు. ఒకరు లోపల పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర గాలి పోయే నిపుల్ వదలాలి. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాలి. "తొక్కండి... పట్టుకోండి... వదలండి" అని కుర్రవాడు కింద నుంచి అరుస్తుంటే సీట్లో నేను గంటన్నర తొక్కాను. మా ఆవిడ రెండుసార్లు మజ్జిగ తెచ్చిచ్చి, "బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడిగి వెళ్లింది.

ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే పాయింట్లు గరుకు కాగితంతో రుద్ది, ఫీలర్ గేజితో పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) సందు పెట్టి, కొత్త కండెన్సర్ వేసి, జూన్ రెండోవారంలో తాళం తిప్పాం. మూడోసారికి అందుకుంది. నీలంగా పొగ, ఒంటి కాలు మీద నడిచినట్టు కుంటుడు, తర్వాత మెల్లగా నాలుగూ కలిశాయి. పక్కింటి మేడ మీంచి ఎవరో పొగేంటని చూసి లోపలికి వెళ్లిపోయారు. ముప్పై ఏళ్ల కిందటైతే వీధి వీధంతా వచ్చి నిలబడేది. ఇప్పుడు ప్రతి గేటులోనూ రెండు బండ్లున్నాయి. ఒకరి తలుపు ఒకరు కొట్టాల్సిన పని లేదు. ఎదురింట్లో పెద్దాయన పోయిన సంగతి మాకు అంబులెన్సు వచ్చి వెళ్లాక తెలిసింది. నా మనసుకి ఎక్కువ కష్టం కలిగించేది ఇదే. కార్లు పెరిగినందుకు కాదు, అడగడం పోయినందుకు.

వాల్వులను కదిలించే టాపెట్ల దగ్గర భాయ్ చెప్పిన మాట రాసిపెట్టుకోదగింది. ఈ ఇంజన్లు తయారైనప్పుడు పెట్రోల్లో సీసం ఉండేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. సీసం వాల్వు సీటుకి ఒక పొరలా అడ్డుండేది. అది లేకపోతే సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది, టాపెట్ సందు మూసుకుపోతుంది. అప్పుడు చప్పుడు పెరగదు, తగ్గుతుంది. "టిక్కుటిక్కుమనేదానికి భయపడబాక, నోరు మూసుకున్నదానికి భయపడు" అని మనవడికి చెప్పాడు. పొడుగు స్క్రూ డ్రైవర్ వాడి చేతికిచ్చి, పిడి చెవికి ఆనించి వినమన్నాడు. కుర్రవాడు ఇయర్‌ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు... చాలాసేపు విని, "ఆరోది సరిగ్గా పలకట్లేదు తాతా" అన్నాడు. కవరు విప్పి చూస్తే ఆరో టాపెట్‌కి సందు దాదాపు లేదు. నాన్న ఉండుంటే ఆ పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

టింకరింగ్, పెయింటింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డోర్ల అడుగులు, డిక్కీ నేల తుప్పు తినేస్తే కోసి కొత్త రేకు అతికించారు. రంగు పాత తెలుపే. మొత్తం ఖర్చు లక్షా ముప్పై వేలు దాటింది.

కాగితాల దగ్గర నాకు టెన్షన్ ఎక్కువ ఉండింది. 50 ఏళ్లు నిండిన బండ్లను 2021 నుంచి వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు. పదేళ్లకు చెల్లుతుంది, రుసుము 20 వేలు, నంబరులో వీ, ఏ అనే అక్షరాలు వస్తాయి. మా బండికీ యాభై నిండుతున్నాయి కాబట్టి అలా చేయించమని ఒకరు సలహా ఇచ్చారు. ఆలోచించి వద్దన్నాను. వింటేజ్ బండి మామూలుగా రోడ్డు మీద తిరగకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, రిపేరుకి, పెట్రోలుకి మాత్రమే బయటికి రావాలి. విలువైన కార్లు దాచుకునే వాళ్లకు అది మంచి పద్ధతే. కాన్పులకీ పెళ్లిళ్లకీ తిరిగిన మా బండిని బొమ్మలా చూపించడానికి నాకు మనసొప్పలేదు. మామూలు ఆర్.సి. ఇంకో ఐదేళ్లు పొడిగించమని దరఖాస్తు పెట్టాను. 2019లో ఇదే పనికి 600 కట్టాను. 2022 ఏప్రిల్‌లో అది 5,000 అయింది, 2024లో నేను కట్టింది అంతే. గడువు దాటితే నెలకు 500 అదనం. అందుకే గడువులోపే వెళ్లండి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ముందే చేతిలో ఉంచుకోండి.

స్లాటు రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండి ముందు నిలబడ్డారు. మా అబ్బాయి కన్నా చిన్నవాడు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీయించి సరిచూశారు. లైట్లు, హారన్, వైపర్ అయ్యాయి. లైటు వెలుగు దించే డిప్పర్ ఎక్కడుందని చేతులతో వెతికారు. అది కాలి కింద ఉంటుందని చూపించాను. పక్కనున్న కుర్రవాడు నంబరు ప్లేటు చూసి, "ఇదేం నంబరు సార్, మూడక్షరాలున్నాయే?" అన్నాడు. 1989కి ముందు అలాగే ఉండేవని, తర్వాత మన జిల్లాకి ఏపీ 26 వచ్చిందని, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయిందని చెప్పాను. ఇన్‌స్పెక్టర్ గారు నడిపి చూస్తానన్నారు. స్టీరింగ్ పక్కన గేరు అలవాటు లేక ఆగిపోయారు. నన్నే నడపమని పక్కన కూర్చున్నారు. ముప్పైలో వెళ్తుండగా గట్టిగా బ్రేకు తొక్కమన్నారు. తొక్కాను. ఏ పక్కకీ లాగకుండా నిలబడింది. దిగేటప్పుడు, "మా తాతకి ఉండేది సార్ ఇట్టాంటిది" అని బానెట్ మీద ఒకసారి చెయ్యి వేశారు.

ఆర్.సి. వచ్చిన వారమే బిట్రగుంట బయల్దేరాను. వెనక సీట్లో మా ఆవిడ, పక్కన భాయ్, భాయ్ మనవడు. ముందు సీటు పొడుగ్గా ఒకటే కాబట్టి ముగ్గురం పట్టాం. పెన్నా వంతెన దాటి, కోవూరు, కొడవలూరు మీదుగా యాభై దాటకుండా నడిపాను. లారీలు కూడా నన్ను దాటుకునే వెళ్లాయి. కిటికీలన్నీ దించుకున్నాం. ఏసీ కారులో ఏళ్లుగా ఇదే దారిన పోతున్నా, వరిచేల మడినీళ్ల వాసన ఈ రోడ్డు మీద వస్తుందని మర్చిపోయానని మా ఆవిడ అంది.

స్టేషను దగ్గర బండి ఆపి, కంచె పక్కన నిలబడ్డాం. నాన్న డ్యూటీకి నడిచిన దారిలో తుమ్మచెట్లు మొలిచాయి. ఎక్కడ ఏముండేదో కుర్రవాడికి చూపించాను. ఇక్కడ ఇంజన్లకు నీళ్లు పట్టేవాళ్లు, అక్కడ బూడిద దులిపేవాళ్లు, ఆ పక్కన ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని కాచుకునేవాళ్లు అని. ఇంతలో వందే భారత్ వచ్చింది. విజయవాడ–చెన్నై మధ్య 2023 సెప్టెంబరులో మొదలైన రైలు, బిట్రగుంటలో ఆగదు. వచ్చిందీ వెళ్లిందీ తెలియనంత వేగం. కుర్రవాడు ఫోన్ తియ్యబోయేలోపే దాటిపోయింది. నాకు ఆ రైలంటే చిన్నచూపు లేదు. నాన్న రోజుల్లో విజయవాడ వెళ్లొచ్చిన మనిషి ముక్కులో మసి, కళ్లల్లో నలుసులతో దిగేవాడు. ఇప్పుడు నా మనవరాలు చదువుకుంటూ వెళ్లి నలగని బట్టలతో దిగుతుంది. అందులో తలుపులు మూసుకుపోతాయి, కిటికీ తెరుచుకోదు. ఎదురు సీటు మనిషితో అటుకులు పంచుకోవడం, ఏ ఊరని అడగడం, దిగేటప్పుడు చిరునామా రాసుకోవడం ఇప్పుడు కనబడవు. నాకు మొదటి ఉద్యోగం గురించి చెప్పింది ఒక ప్యాసింజరు రైలులో ఎదురుగా కూర్చున్న తెలియని మనిషే.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు స్టీరింగ్ దగ్గర కుర్రవాణ్ణి కూర్చోబెట్టాను. రెండో గేరుకి రెండుసార్లు గరగరమనిపించాడు, మూడోసారి కుదిరింది. లైట్లు వేస్తే డైనమో ఎర్రదీపం మిణుకుమంటోంది. బెల్టు బిగించాలని భాయ్ అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే వెనక ఎడమ చక్రం లోపలివైపు సన్నగా తడి. వీల్ సిలిండర్లో రబ్బరు కప్పు ఒకటి ఇంకా సరిగా కూర్చున్నట్టు లేదు. చెన్నైకి ఫోన్ చేశాను, ఇంకో కిట్టు చూస్తానన్నాడు. డ్రమ్ము విప్పడానికి కుర్రవాడు ఆదివారం ఏడింటికి వస్తానన్నాడు.